పరిమిత సామర్థ్యంలో ప్రత్యామ్నాయ వస్తువుల ధర నిర్ణయం

పరిమిత సామర్థ్యంలో ప్రత్యామ్నాయ వస్తువుల ధర నిర్ణయం అనేది అర్థశాస్త్రంలోను, పరిశ్రమల నిర్వహణలోను ఎదురయ్యే ఒక సమస్య. ఒకే సంస్థ ఒకదానికి బదులుగా మరొకటి వాడదగిన రెండు లేక అంతకంటే ఎక్కువ వస్తువులను అమ్ముతూ, వాటన్నింటినీ కోరినంత తయారుచేయడానికి చాలినన్ని వనరులు లేనప్పుడు, మొత్తం లాభం గరిష్ఠం కావాలంటే ఏ వస్తువుకు ఎంత ధర పెట్టాలన్నది ఇందులోని ప్రశ్న. టోన్డ్ పాలు, ఫుల్ క్రీమ్ పాలు రెండూ అమ్మే డెయిరీ, పలు తరగతులు గల రైలు, ఒకే విమానంలో రకరకాల ఛార్జీలకు టికెట్లు అమ్మే విమానయాన సంస్థ, ఒకే కర్మాగారంలో రెండు రకాల సిమెంటు తయారుచేసే కంపెనీ దీనికి ఉదాహరణలు.

ఇటువంటి వస్తువుల మధ్య రెండు ముడులు ఉంటాయి. ఒకటి కొనుగోలుదారుని వైపు ముడి: ఒకదాని ధర పెరిగితే రెండవదాని గిరాకీ పెరుగుతుంది. రెండవది ఉత్పత్తి వైపు ముడి: ఒకటి ఎక్కువ తయారుచేస్తే రెండవదానికి వనరు తగ్గుతుంది. ఈ రెండు ముడుల వలన ఏ ఒక్క వస్తువు ధరనూ విడిగా లెక్కించడం సాధ్యం కాదు. సంస్థలు తరచుగా విడిగానే లెక్కిస్తాయి. దాని వలన కలిగే నష్టం ఎంతో కింది ఉదాహరణలో చూడవచ్చు.

ప్రత్యామ్నాయ వస్తువులు

ఒక వస్తువు ధర పెరిగినప్పుడు మరొక వస్తువు డిమాండు పెరిగితే ఆ రెండింటినీ ప్రత్యామ్నాయ వస్తువులు అంటారు. కాఫీ, టీ పాఠ్యపుస్తకాలలో తప్పనిసరిగా కనిపించే జంట. ఈ సంబంధాన్ని కొలిచే కొలమానం జాత్యంతర డిమాండు వ్యాకోచత్వం. ప్రత్యామ్నాయాలకు ఇది ధనాత్మకంగాను, పెట్రోలు - కారు వంటి పూరక వస్తువులకు ఋణాత్మకంగాను ఉంటుంది.

రెండు ప్రత్యామ్నాయాలు రెండు వేర్వేరు సంస్థల చేతిలో ఉంటే, ఒకరు ధర పెంచినప్పుడు వదలిపోయిన కొనుగోలుదారు ఎదుటివారి లాభం. రెండూ ఒకే సంస్థవి అయితే వదలిపోయినవారిలో కొందరు అదే సంస్థ వద్ద మరో వస్తువు కొంటారు. కనుక రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ధరలు పైకి జరుగుతాయి. ఒకే సంస్థలో రెండు విభాగాలు ఉండి, ఒక్కొక్క విభాగాధిపతి తన విభాగపు లాభం మాత్రమే చూసుకుంటే, ఆ సంస్థ తనతో తానే పోటీ పడినట్లవుతుంది.

ఉదాహరణ: వెన్న కొరత ఉన్న డెయిరీ

భారతదేశపు ఆహార ప్రమాణాల ప్రకారం టోన్డ్ పాలలో కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఇతర ఘన పదార్థాలు (ఎస్.ఎన్.ఎఫ్.) ఉండాలి. ఫుల్ క్రీమ్ పాలలో ఇవి వరుసగా 6, 9 శాతం. అనగా ఒక లీటరు ఫుల్ క్రీమ్ పాలలో పట్టే వెన్నతో రెండు లీటర్ల టోన్డ్ పాలు తయారుచేయవచ్చు. టోన్డ్ పాలు అనే సరుకు పుట్టుకకు కారణం కూడా ఇటువంటి కొరతే. 1940లలో బొంబాయి పాల పథకాన్ని నడిపిన దారా ఖురోడీ, చిక్కని గేదె పాలకు వెన్న తీసిన పాలపొడి, నీరు కలిపి, ఉన్న వెన్నను ఎక్కువమందికి సరిపెట్టే మార్గంగా దీనిని ప్రవేశపెట్టాడు. ఆయనకు 1963లో త్రిభువన్‌దాస్ పటేల్, వర్ఘీస్ కురియన్‌లతో కలిపి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

చలికాలంలో పాల దిగుబడి ఎక్కువగాను, వేసవిలో తక్కువగాను ఉండటం వలన డెయిరీలకు ఏటా కొన్ని నెలలు వెన్న కొరత ఏర్పడుతుంది. ఆ పరిస్థితిని ఒక ఊహాజనిత డెయిరీ ద్వారా పరిశీలించవచ్చు. కింది అంకెలు లెక్క కోసం ఎంచుకున్నవి మాత్రమే. ఏ డెయిరీవీ కావు. అమ్మకాలు రోజుకు వేల లీటర్లలోను, ధరలు లీటరుకు రూపాయలలోను ఉన్నాయి.

టోన్డ్ అమ్మకం = 130 − 5 × టోన్డ్ ధర + 3 × ఫుల్ క్రీమ్ ధర

ఫుల్ క్రీమ్ అమ్మకం = 120 − 4 × ఫుల్ క్రీమ్ ధర + 3 × టోన్డ్ ధర

టోన్డ్ పాల ధర ఒక రూపాయి పెంచితే వాటి అమ్మకం 5 వేల లీటర్లు తగ్గుతుంది, అందులో 3 వేల లీటర్లు ఫుల్ క్రీమ్ వైపు మళ్లుతాయి అని మొదటి సమీకరణంలోని 5, రెండవ సమీకరణంలోని 3 కలిసి చెబుతున్నాయి. లీటరుకు వ్యయం, సాధారణ రోజులలో వెన్న ఖరీదుతో సహా, టోన్డ్ పాలకు 40 రూపాయలు, ఫుల్ క్రీమ్ పాలకు 50 రూపాయలు అనుకుందాం. లీటరుకు పట్టే వెన్న వరుసగా 30, 60 గ్రాములు. (పాల సాంద్రతను లెక్కలోకి తీసుకుంటే ఇవి కొద్దిగా పెరుగుతాయి. ఎస్.ఎన్.ఎఫ్. కొరత లేదనుకుందాం.)

వెన్న సమృద్ధిగా ఉన్న కాలంలో గరిష్ఠ లాభం ఇచ్చే ధరలు 60, 70 రూపాయలు. అప్పుడు 40 వేల లీటర్ల టోన్డ్ పాలు, 20 వేల లీటర్ల ఫుల్ క్రీమ్ పాలు అమ్ముడవుతాయి. రెండింటి మీదా లీటరుకు 20 రూపాయల మిగులు. రోజుకు లాభం 12 లక్షల రూపాయలు. ఖర్చయ్యే వెన్న 2,400 కిలోలు. ఇదే డెయిరీలో రెండు విభాగాలు ఒకదాని సంగతి ఒకటి పట్టించుకోకుండా ధరలు నిర్ణయిస్తే అవి సుమారు 51, 59 రూపాయల వద్ద ఆగుతాయి. లాభం 9 లక్షలకు పడిపోతుంది. అంతేగాక అప్పుడు కావలసిన వెన్న 3,700 కిలోలు దాటుతుంది. కొరత లేనిచోట కూడా విడి లెక్క కొరతను సృష్టిస్తుందన్నది గమనించదగ్గ విషయం.

ఇప్పుడు వేసవి వచ్చి, రోజుకు 1,860 కిలోల వెన్న మాత్రమే లభిస్తున్నదనుకుందాం. 540 కిలోలు తక్కువ. డెయిరీ ముందు కొన్ని మార్గాలు ఉన్నాయి.

మొదటిది ధరలు కదపకుండా, ఉన్నంత వరకు అమ్మి తరువాత లేదనడం. రెండింటి మీదా లీటరుకు 20 రూపాయలే మిగులు కనుక ఏది తగ్గించినా ఒకటే అనిపిస్తుంది. కాని కొరతగా ఉన్నది లీటర్లు కాదు, వెన్న. గ్రాము వెన్న మీద టోన్డ్ పాలు సుమారు 67 పైసలు, ఫుల్ క్రీమ్ పాలు 33 పైసలు సంపాదిస్తాయి. కాబట్టి ఫుల్ క్రీమ్ పాలే తగ్గించాలి. ఫుల్ క్రీమ్ దొరకని ప్రతి నలుగురిలో ముగ్గురు, పై సమీకరణాలు సూచించినట్లే, టోన్డ్ పాలు తీసుకుంటే లాభం 11.28 లక్షలు. ఎవరూ తీసుకోకుండా వేరే డెయిరీ బూత్‌కు వెళ్లిపోతే 10.20 లక్షలు.

రెండవది, వెన్న ఎక్కువ తినేది ఫుల్ క్రీమ్ పాలే గనుక దాని ధర మాత్రమే పెంచడం. అందుకు ధర 73.60 రూపాయలకు చేరాలి. లాభం 11.48 లక్షలు.

మూడవది రెండింటి ధరనూ సమానంగా పెంచడం. చూడటానికి న్యాయంగా ఉంటుంది, ప్రకటించడం కూడా సులువు. లీటరుకు 4.50 రూపాయల చొప్పున పెంచితే తప్ప వెన్న సరిపోదు. లాభం 11.39 లక్షలు.

అత్యుత్తమ ధరలు ఇవేవీ కావు. టోన్డ్ పాలు 62, ఫుల్ క్రీమ్ పాలు 74 రూపాయలు, అనగా ఒకదాని మీద 2, రెండవదాని మీద 4 రూపాయల పెంపు. అప్పుడు 42 వేల లీటర్ల టోన్డ్, 10 వేల లీటర్ల ఫుల్ క్రీమ్ అమ్ముడై, సరిగ్గా 1,860 కిలోల వెన్న ఖర్చవుతుంది. లాభం 11.64 లక్షలు. సమాన పెంపుతో పోలిస్తే రోజుకు 24,750 రూపాయలు ఎక్కువ. మూడు నెలల వేసవికి ఇది 22 లక్షలు దాటుతుంది. కొనుగోలుదారులకు కూడా సమాన పెంపు కంటే ఇందులో రెండు ధరలూ తక్కువే.

ఈ ఫలితంలో రెండు అంశాలు మొదట వింతగా తోస్తాయి. టోన్డ్ పాల ధర పెరిగినా వాటి అమ్మకం 40 నుండి 42 వేల లీటర్లకు పెరిగింది. ఫుల్ క్రీమ్ నుండి మళ్లినవారు వదలిపోయినవారికంటే ఎక్కువ. అమ్మకం పెరగవలసిన వస్తువు ధరను ఎందుకు పెంచాలి అన్నది రెండవ ప్రశ్న. టోన్డ్ పాలు కూడా వెన్న తినేవే. ఫుల్ క్రీమ్ నుండి మళ్లిన ప్రతి లీటరూ 60 గ్రాములు విడిపించి 30 గ్రాములు తిరిగి తీసుకుంటుంది. ఒక్క ఫుల్ క్రీమ్ ధరనే పెంచినప్పుడు ఆ మళ్లింపుకు అడ్డూ అదుపూ ఉండదు.

కొరత ఇంకా ముదిరితే ఫుల్ క్రీమ్ అమ్మకం వేగంగా కరిగిపోతుంది. వెన్న 1,320 కిలోలకు తగ్గినప్పుడు టోన్డ్ ధర 64 రూపాయలు, అమ్మకం 44 వేల లీటర్లు. ఫుల్ క్రీమ్ అమ్మకం సున్నా. అంతకు దిగువన ఫుల్ క్రీమ్ పాలు పూర్తిగా ఆపివేయడమే లాభదాయకం. వేసవిలో కొన్ని రకాల ప్యాకెట్లు బూత్‌లలో కనబడకపోవడాన్ని అజమాయిషీ లోపంగా భావించేవారు ఈ లెక్కను కూడా గుర్తుంచుకోవాలి.

ఛాయా ధర

పై సమాధానాన్ని రాబట్టే పద్ధతిలో కీలకమైన భావన ఛాయా ధర. కొరతగా ఉన్న వనరు మరొక్క యూనిటు లభిస్తే లాభం ఎంత పెరుగుతుందో ఆ మొత్తమే ఆ వనరు యొక్క ఛాయా ధర. ఇది ఏ బిల్లులోను కనిపించదు, ఎవరికీ చెల్లించనక్కరలేదు. కాని ధరలు నిర్ణయించేటప్పుడు దీనిని నిజమైన ఖర్చుగానే లెక్కించాలి. వనరు మిగిలిపోతూ ఉంటే ఛాయా ధర సున్నా.

పై ఉదాహరణలో వెన్న ఛాయా ధర కిలోకు సుమారు 133 రూపాయలు. లీటరు టోన్డ్ పాల మీద 30 గ్రాములకు 4 రూపాయలు, ఫుల్ క్రీమ్ మీద 60 గ్రాములకు 8 రూపాయల అదనపు భారం పడినట్లు. ఇటువంటి సరళరేఖా డిమాండులో, ఇరువైపుల మళ్లింపు సమానంగా ఉన్నప్పుడు (ఇక్కడ రెండూ 3), సూత్రం ఎంతో సులువు:

ధర = (అమ్మకాలు సున్నాకు చేరే ధర + వ్యయం + ఛాయా ధర భారం) ÷ 2

రెండు రకాల అమ్మకాలూ ఒకేసారి సున్నా అయ్యే ధరలు ఇక్కడ 80, 90. కనుక టోన్డ్ ధర (80 + 40 + 4) ÷ 2 = 62; ఫుల్ క్రీమ్ ధర (90 + 50 + 8) ÷ 2 = 74. భారంలో సగం మాత్రమే ధరలో కనిపిస్తుంది, మిగతా సగం లాభంలోంచి పోతుంది. కొరత కాలపు పెంపు ఆయా వస్తువు ఖరీదును బట్టి గాక, కొరత వనరును అది ఎంత వాడుకుంటుందన్నదానిని బట్టి ఉండాలన్నది దీని సారం.

ఛాయా ధరకు మరో ప్రయోజనం ఉంది. వెన్నను బయట కొనాలంటే మామూలు ఖరీదు మీద కిలోకు 133 రూపాయల వరకు అదనంగా చెల్లించినా నష్టం లేదని ఇది చెబుతుంది. 7 శాతం వెన్న గల గేదె పాలకు ఇది లీటరుకు 9 రూపాయల పైచిలుకు. అయితే ఇది తరువాతి ఒక్క కిలో విలువ. సరఫరా పెరిగేకొద్దీ అది తగ్గుతూ, 540 కిలోలు చేరేసరికి సున్నా అవుతుంది. పైగా అదనపు పాల కోసం పాత రైతులందరికీ కూడా ధర పెంచవలసి వస్తే లెక్క మారిపోతుంది. పాల సేకరణ ధర గురించిన వాదనలలో ఈ తేడా తరచు మరుగున పడుతుంది.

గణితంలో ఇది లెగ్రాంజి గుణకానికి సమానం. హద్దులు అసమీకరణాల రూపంలో ఉన్నప్పుడు వర్తించే నియమాలను హరోల్డ్ కూన్, ఆల్బర్ట్ టకర్ 1951లో ప్రచురించారు. అవే నియమాలను విలియమ్ కరూష్ 1939లోనే చికాగో విశ్వవిద్యాలయపు ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసంలో రాశాడని తరువాత గుర్తించారు. అదే 1939లో సోవియట్ గణిత శాస్త్రజ్ఞుడు లియోనిద్ కాంటొరొవిచ్ కర్మాగారాల పని కేటాయింపు సమస్యల నుండి ఇదే భావనకు చేరుకున్నాడు. మార్కెట్టు లేని వ్యవస్థలో కూడా వనరులకు లెక్కలోంచి పుట్టే ధరలు ఉంటాయని చెప్పడం అప్పటి పాలకులకు రుచించలేదు. ఆయనకు 1975లో చాలింగ్ కూప్‌మన్స్‌తో కలిపి అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

సామర్థ్యం ఏ రకానిది?

ధరలు ఎలా కదలాలన్నది కొరత ఎక్కడ ఉందన్నదానిపై ఆధారపడుతుంది. పై డెయిరీలో వెన్న దండిగా ఉండి, ప్యాకింగు యంత్రం రోజుకు 54 వేల లీటర్లకు మించి నింపలేకపోతే, రెండు రకాల పాలూ యంత్రాన్ని సమానంగానే వాడుకుంటాయి కనుక రెండింటి మీదా సమానంగా 2 రూపాయలు పెంచడం సరైనది. వెన్న కొరతలో నష్టం తెచ్చిన సమాన పెంపే ఇక్కడ అత్యుత్తమం.

కొరత ఒక్క వస్తువుకే పరిమితమైన సందర్భం ఇంకొకటి. టోన్డ్ పాల ప్యాకెట్లకు మాత్రమే ఫిల్ము తక్కువై రోజుకు 30 వేల లీటర్లకు మించి నింపలేకపోతే, టోన్డ్ ధర 62కు పెరుగుతుంది; ఫుల్ క్రీమ్ ధర 70 దగ్గరే ఉంటుంది. గిరాకీ మళ్లి ఫుల్ క్రీమ్ అమ్మకం 26 వేల లీటర్లకు పెరిగినా దాని ధర పెంచనక్కరలేదు. ఇది సరళరేఖా డిమాండుకు, సమాన మళ్లింపుకు చెల్లే ఫలితం. అన్ని సందర్భాలకు వర్తించదు.

ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో రెండు ప్రత్యామ్నాయాలు ఒకే వనరును సరిసమానంగా వాడుకోవడం మామూలు. 1991లో ఇంటెల్ విడుదల చేసిన 486 ఎస్.ఎక్స్. ప్రాసెసరు తొలి రోజులలో 486 డి.ఎక్స్. చిప్పే, అందులోని గణిత విభాగాన్ని పనిచేయకుండా చేసి తక్కువ ధరకు అమ్మారు. రెండింటికీ పట్టే సిలికాను ఒకటే. చిప్పుల కొరత ఏర్పడితే రెండింటి మీదా పడే ఛాయా భారం సమానమే. కాని చవక రకం మీద మిగులు తక్కువ కనుక ముందుగా దానినే ఆపివేయాలనిపిస్తుంది.

చరిత్ర

ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుపుయి 1849లో వంతెనల, రైళ్ల సుంకాల గురించి రాస్తూ, మూడవ తరగతి పెట్టెలకు పైకప్పు లేకపోవడానికి కారణం కప్పు ఖర్చు కాదని, రెండవ తరగతి ఖర్చు భరించగలవారు మూడవ తరగతికి దిగకుండా చూడటమేనని గమనించాడు. కొనుగోలుదారుడు మళ్లే వీలును తగ్గించడం కోసం చవక వస్తువును కావాలని చెడగొట్టడం గురించిన తొలి పరిశీలనలలో ఇది ఒకటి. లాభ గరిష్ఠీకరణకు సామాన్యుని సౌకర్యానికి మధ్య ఉన్న వైరుధ్యం ఇంత స్పష్టంగా తరువాతి సమీకరణాలలో కనిపించదు.

1838లో అంతోయిన్ కూర్నో సంస్థలు పరిమాణాలను ఎంచుకుంటాయని భావించి ద్విస్వామ్యాన్ని విశ్లేషించాడు. 1883లో జోసెఫ్ బెర్ట్రాండ్ దానిని విమర్శిస్తూ, సంస్థలు ధరలతో పోటీ పడితే ధర వ్యయం వరకు పడిపోతుందన్నాడు. 1897లో ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ సామర్థ్య పరిమితిని ఇందులోకి తెచ్చాడు. ఎదుటి సంస్థ అందరికీ సరఫరా చేయలేనప్పుడు మిగిలిన కొనుగోలుదారులకు ఎక్కువ ధరకు అమ్మవచ్చు గనుక ధర ఒకచోట నిలవక పైకీ కిందికీ ఊగుతుందని చూపాడు. డేవిడ్ క్రెప్స్, జోసే షైన్‌క్‌మన్ 1983లో, సంస్థలు ముందు సామర్థ్యాన్ని నిర్మించుకుని తరువాత ధరలతో పోటీ పడితే, కొన్ని షరతుల కింద, కూర్నో చెప్పిన ఫలితమే వస్తుందని నిరూపించారు.

ఒకే సంస్థ అమ్మే ప్రత్యామ్నాయాల విషయంలో ఎడ్జ్‌వర్త్ 1897లోనే మరొక వింత ఫలితం ప్రకటించాడు. రైల్వే ఏకస్వామ్యం మొదటి, మూడవ తరగతుల టికెట్లు అమ్ముతుండగా మొదటి తరగతి మీద పన్ను వేస్తే, కొన్ని సందర్భాలలో రెండు తరగతుల ధరలూ తగ్గవచ్చు. చాలామంది దీనిని పుస్తకాలకు పరిమితమైన విచిత్రంగా కొట్టివేశారు. 1932లో హెరాల్డ్ హోటెలింగ్ ఇది అంత అరుదైనది కాదని వాదించాడు. ఛాయా ధర కూడా సంస్థ తనమీద తానే వేసుకునే పన్ను వంటిదే కాబట్టి ఈ విరోధాభాసం ప్రస్తుత సమస్యకు నేరుగా వర్తిస్తుంది. డిమాండు ఆకృతి తెలియకుండా కొరత వస్తే అన్ని ధరలూ పెరుగుతాయని చెప్పడం సాధ్యం కాదు.

విమాన టికెట్లు

డెయిరీకి వెన్న ఎంత ఉందో ఉదయాన్నే తెలుస్తుంది. విమానానికి సీట్లు ఎన్నో తెలుసు గాని ఎవరు ఎప్పుడు అడుగుతారో తెలియదు. చవక టికెట్లు కొనేవారు ముందుగాను, ఎక్కువ చెల్లించేవారు ఆఖరు రోజులలోను వస్తారు. 1972లో బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషనుకు చెందిన కెనెత్ లిటిల్‌వుడ్ దీనికి ఒక సులువైన నియమం ఇచ్చాడు. ఆ సీటు పూర్తి ధరకు అమ్ముడయ్యే సంభావ్యతను పూర్తి ధరతో గుణించగా వచ్చిన మొత్తం కంటే చవక ధర తక్కువ కానంత వరకు చవక టికెట్లు అమ్ముతూ పోవచ్చు. పూర్తి ధర 10,000 రూపాయలు, చవక ధర 6,000 రూపాయలు అయితే, సీటు ఆఖరున అమ్ముడుపోయే అవకాశం 60 శాతం మించినప్పుడు దానిని ఆపి ఉంచాలి. ఆ గుణకార లబ్ధమే సీటు ఛాయా ధర. 1987లో పీటర్ బెలొబాబా మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేసిన పరిశోధనలో దీనిని అనేక ఛార్జీలకు విస్తరించాడు.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1977లో సూపర్ సేవర్ ఛార్జీలు ప్రవేశపెట్టింది. ముందుగా కొనాలి, గమ్యంలో కొన్ని రోజులు గడపాలి వంటి షరతులు వీటికి ఉండేవి. వ్యాపార పనుల మీద వెళ్లేవారు చవక టికెట్టుకు మళ్లకుండా ఆపడం వీటి ఉద్దేశం; డ్యుపుయి చెప్పిన పైకప్పు లేని పెట్టెకు ఇది మర్యాదస్తుల రూపం. 1978లో అమెరికాలో విమాన ఛార్జీల నియంత్రణ తొలగించే చట్టం వచ్చింది. 1981లో మొదలైన పీపుల్ ఎక్స్‌ప్రెస్ అన్ని సీట్లనూ అతి చవకగా అమ్మి వేగంగా పెరిగింది. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అల్టిమేట్ సూపర్ సేవర్ పేరుతో, తన వద్ద ఖాళీగా మిగిలే సీట్లను మాత్రమే అదే స్థాయి ధరలకు అమ్మసాగింది. నిండే సీట్లను పాత ధరలకే ఉంచింది. మరుసటి ఏడాది పీపుల్ ఎక్స్‌ప్రెస్ టెక్సాస్ ఎయిర్ సంస్థ చేతికి వెళ్లిపోయింది. ఆ పతనానికి అప్పులు, విస్తరణలోని తొందరపాటు కూడా కారణాలే.

భారతీయ రైల్వేల ఫ్లెక్సీ ఛార్జీ

భారతదేశంలో ఈ సమస్య ప్రజల అనుభవంలోకి ప్రస్ఫుటంగా వచ్చింది 2016 సెప్టెంబరు 9న. ఆనాటి నుండి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడుపోగానే మూల ఛార్జీ 10 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.5 రెట్ల వరకు పెరిగే విధానం ప్రవేశపెట్టారు. ఫస్ట్ ఏసీ, ఎగ్జిక్యూటివ్ తరగతులను ఇందులోంచి మినహాయించారు.

ఈ నియమం ఒక తరగతి ధరను ఆ తరగతిలో నిండిన బెర్తులను బట్టి మాత్రమే కదిలించింది. పై తరగతి ధర స్థిరంగా ఉండగా సెకండ్ ఏసీ ధర దానికి చేరువగా వెళ్లింది. ఉదాహరణకు సికింద్రాబాదు నుండి ఢిల్లీకి రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లదలచినవారికి, రోజూ మామూలు ఛార్జీతో నడిచే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఒకవైపు, విమానం మరొకవైపు ప్రత్యామ్నాయాలుగా ఉన్నాయి. మొదటిది రైల్వేల సొంత వస్తువే; అక్కడికి మళ్లిన ప్రయాణికుని వలన రైల్వేకు కొంత ఆదాయం మిగులుతుంది. విమానానికి మళ్లినవారి వలన ఏమీ మిగలదు. ఈ రెండు మళ్లింపులను వేరుగా చూడని నియమం రెండింటినీ ఒకే గాటన కట్టింది. అంతేకాక బెర్తులు ఎంత త్వరగా నిండుతున్నాయన్నది గాక, ఎన్ని నిండాయన్నదే ఇందులో లెక్క. ప్రయాణానికి రెండు నెలల ముందు నిండిన సగం బెర్తులకు, రెండు రోజుల ముందు నిండిన సగానికి ఒకే ధర. లిటిల్‌వుడ్ నియమంలో ఈ రెంటికీ ఛాయా ధరలు పూర్తిగా వేరు.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2018లో సమర్పించిన నివేదికలో, ఈ విధానం వలన ఆదాయం పెరిగినా ఆ రైళ్లలో ప్రయాణికుల సంఖ్య తగ్గిందని పేర్కొన్నారు. బెర్తులు ఖాళీగా పోవడమంటే వాటి ఛాయా ధర సున్నా అన్నమాట. అక్కడ కొరత పేరిట ధర పెంచడానికి ఆధారం లేదు. 2018 అక్టోబరు 31న రైల్వే మంత్రిత్వ శాఖ, సగం కంటే తక్కువ నిండుతున్న 15 రైళ్లలో ఈ విధానాన్ని ఎత్తివేస్తున్నట్లు, మరో 32 రైళ్లలో గిరాకీ తక్కువ ఉన్న నెలలలో ఆపుతున్నట్లు, గరిష్ఠ పరిమితిని 1.4 రెట్లకు తగ్గిస్తున్నట్లు ప్రకటించింది.

ఆచరణలో ఇబ్బందులు

పై లెక్కలన్నిటికీ మళ్లింపు ఎంతో తెలియాలి. ఇది నేరుగా కనిపించదు. సరుకు అయిపోయిన రోజున నమోదయ్యేది అమ్మకమే గాని డిమాండు కాదు. ఆ రోజు టోన్డ్ పాలు కొన్నవారిలో ఫుల్ క్రీమ్ దొరకక తీసుకున్నవారు ఎందరో ఖాతా పుస్తకాలు చెప్పవు. ఇటువంటి అంకెలను యథాతథంగా వాడితే కొరతగా ఉన్న వస్తువు గిరాకీ తక్కువగాను, దాని ప్రత్యామ్నాయపు గిరాకీ ఎక్కువగాను అంచనా అవుతుంది. తరువాతి ఋతువుకు కొరత వస్తువునే ఇంకా తగ్గించి తయారుచేస్తారు. ఏటా ఇదే పునరావృతమైతే, అసలు ఆ వస్తువుకు గిరాకీ లేదన్న నిర్ధారణకు వస్తారు.

డిమాండు సరళరేఖ కాకపోవడం మరొక చిక్కు. డేనియల్ మెక్‌ఫాడెన్ 1970లలో అభివృద్ధి చేసిన లాజిట్ నమూనాను ఎక్కువమంది వాడతారు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది. ధర పట్ల స్పందన అన్ని వస్తువులకు ఒకటేనని భావిస్తే, ఈ నమూనాలో వ్యయం, ఛాయా భారం పోగా మిగిలే మొత్తం అన్ని వస్తువుల మీదా సమానంగా ఉండాలి. అప్పుడు ఫుల్ క్రీమ్, టోన్డ్ ధరల మధ్య ఎడం ఛాయా భారాల తేడాలో సగం గాక, పూర్తి తేడా మేరకు పెరుగుతుంది. ఏ నమూనా ఎంచుకున్నారన్నదానిపై సమాధానం ఎంత మారుతుందో దీనినిబట్టి తెలుస్తుంది.

లాభ గరిష్ఠీకరణ అన్ని సంస్థల లక్ష్యం కాదు. సహకార డెయిరీలు పాడి రైతుల రాబడిని, ప్రభుత్వ సంస్థలు వినియోగదారుని భారాన్ని కూడా చూడాలి. టోన్డ్ పాల ధర పెంచరాదని నిర్ణయించుకున్న డెయిరీకి పై ఉదాహరణలో రెండవ మార్గమే, అనగా ఫుల్ క్రీమ్ ధర 73.60కి పెంచడమే, మిగులుతుంది. అందువలన వదులుకునే లాభం రోజుకు 15,840 రూపాయలు.